పేదోళ్ళకి దేవుడే దిక్కు అంటే ఏటి? కొన్ని అపోహలు, వాస్తవాలు

మాది టెక్కలి దగ్గర చిన్న సంఘం, నేను అక్కడ పాస్టర్ని. వచ్చేవాళ్ళలో కూలి పన్లకెళ్ళేవాళ్ళు, జీడిపిక్కలు కొట్టేవాళ్ళే ఎక్కువ, మగాళ్ళు సగం మంది చెన్నై, హైదరాబాద్‌లలో ఉంటారు. ఏళ్ళ తరబడి విన్న మాటలు కొన్ని రాస్తున్నా, వీటిలో ఒకటి నా నోటి నుంచి వచ్చిందే.

అపోహ: దేవుడు ఆశ్రయం అంటే మనకి కష్టం రాదు, వచ్చినా దేవుణ్ణి ప్రశ్నించకూడదు.

2018 అక్టోబర్ 11 తెల్లారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ తర్వాత ఆదివారం ఒక ముసలమ్మ నన్ను పట్టుకుని "ఏటయ్యగారూ, దేవుడు కోటన్నారు, మా రేకులే ఎగిరిపోనాయి" అంది. నాకు నోట మాట రాలేదు. ఇంటికెళ్ళి బైబిల్లో కీర్తనలు తీశాను. 9:9లో నలిగినవాళ్ళకి ఆపత్కాలములలో దేవుడు మహా దుర్గం అని ఉంది, సరే, కాస్త కిందకి 10:1కి వస్తే ఆపత్కాలములలో ఎందుకు దాక్కున్నావు అని కీర్తన రాసినాయన ఆ దేవుణ్ణే నిలదీస్తున్నాడు. అదే మాట, రెండు చోట్లా! పాత గ్రీకు అనువాదంలో ఈ రెండూ కలిపి ఒకటే కీర్తన. అంటే కోట అన్న నోరే ఎక్కడున్నావు అని కూడా అడిగింది, ముసలమ్మ తప్పేం మాట్లాడలేదన్నమాట.

అపోహ: ఆశ్రయం అంటే ఆత్మకి సంబంధించింది, తిండికీ అప్పుకీ సంబంధం లేదు.

ఇది చెప్పేవాళ్ళు లేవీయకాండం 19 చదివి ఉండరు. పొలం ఓరలు పూర్తిగా కొయ్యకు, పరిగె, అంటే కోతలో రాలిన వెన్నులు, ఏరుకోకు, బీదలకీ పరదేశికీ వదిలేయ్ అని ఉంటుంది. ద్వితీయోపదేశకాండం 24లో అయితే పొలంలో ఒక పన (కోసి కట్టిన కట్ట) మర్చిపోతే దానికోసం వెనక్కి వెళ్ళొద్దంటాడు, అక్కడే కూలోడి కూలి పొద్దుగూకక ముందే ఇచ్చెయ్ అనీ, బీదోడు తాకట్టు పెట్టిన దుప్పటి రాత్రికి తిరిగిచ్చెయ్, కప్పుకుని పడుకుంటాడు అనీ ఉంది. రూతు బేత్లెహేములో పరిగె ఏరే తన అత్తని పోషించింది, కాకపోతే మనం ఆ పుస్తకాన్ని పెళ్ళిళ్ళలోనే చదువుతాం. మా చిన్నప్పుడు కోతలైపోయాక అమ్మ చేట పట్టుకుని మడిలో వంగి ఒక్కో వెన్ను ఏరేది, కొందరు రైతులు చూసీ చూడనట్టు పోయేవాళ్ళు, కొందరు అదిలించేవాళ్ళు. ఇప్పుడు కోత మిషనొచ్చి ఏరడానికేం మిగలట్లేదు, అది వేరే సంగతి. నేను చెప్పేదేటంటే బైబిల్లో బీదోడికి ఆశ్రయం చాలాసార్లు పక్కోడి గట్టు మీదుగానే వస్తాది.

అపోహ: నమ్మకం గట్టిగా ఉంటే డబ్బొస్తాది.

తల వాల్చుకోడానికి చోటు లేదని యేసే చెప్పుకున్నాడు (మత్తయి 8:20). ఇంకేం చెప్పాలి.

అపోహ: బీదలు ఎప్పుడూ ఉంటారని యేసే అన్నాడు, మనమేం చేస్తాం?

ఆ మాట ద్వితీయోపదేశకాండం 15:11 లోది, అక్కడ దాని వెంటనే కాబట్టి చెయ్యి చాపు అని ఉంది. సగం చదివి ఆపేస్తే ఎలాగ?

అపోహ: రెండు కాసులేసిన విధవరాలిలాగ ఉన్నదంతా కానుకెయ్యాలి.

ఇదే నాది. ఒక బీద విధవరాలు తన దగ్గరున్న రెండు కాసులూ దేవాలయం కానుకపెట్టెలో వేసేసిన కథ మార్కు 12లో ఉంది. దాని ముందు వచనం చూడండి, విధవరాళ్ళ ఇళ్ళు మింగేసే శాస్త్రుల్ని, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ళని, యేసు తిడుతున్నాడు, కథ అవగానే 13వ అధ్యాయంలో ఈ దేవాలయం రాయి మీద రాయి నిలవదంటాడు. ఆవిణ్ణి మెచ్చుకున్నాడు నిజమే, కానీ ఆవిడ దగ్గర చివరి కాసు కూడా లాగేసిన పద్ధతిని మెచ్చుకోలేదని నాకు అనిపిస్తాది. ఇది తెలీక ముందు ఏళ్ళకేళ్ళు కానుకల ఆదివారం ఆ కథే చెప్పాను. ఒకసారి ఒకావిడ గ్రూపు లోను వారం వాయిదాకి కొంగున కట్టుకున్న డబ్బు మొత్తం సంచిలో వేసేసింది, వాళ్ళ కోడలు చెప్తే తెలిసింది. సోమవారం పొద్దున్నే ఆ డబ్బు తిరిగిచ్చేద్దామని తీసుకెళ్ళాను. దేవుడికిచ్చింది తిరిగి తీసుకుంటే పాపం కదా అయ్యగారూ అని ఒకటే గొడవ, రెండు టీలు తాగాక గానీ తీసుకోలేదు.