ఎల్‌నినో వస్తే నెల్లూరుకు వానలుండవా?

వేసవిలో టీవీ కింద ‘ఈ ఏడు ఎల్‌నినో’, అంటే పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలుకన్నా వేడెక్కాయి అని స్క్రోలింగ్ పడితే చాలు, కనిగిరి నుంచి కోవూరు దాకా టీ అంగళ్లలో ఒకటే టెన్షన్. కనిగిరి మెట్టలో కంది వేసే రైతు భయం న్యాయమే, ఆయన నమ్ముకునేది నైరుతి వానల్ని. నెల్లూరు లెక్క వేరు. ఇక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే, ఈశాన్య రుతుపవనాలప్పుడే కురుస్తుంది.

ఎల్‌నినో పేరు పెరూ జాలర్లది. క్రిస్మస్ రోజుల్లో సముద్రం వేడెక్కేది కాబట్టి బాలయేసు పేరుతో పిలిచారు. 1876-78 ధాత నామ సంవత్సరపు కరువు నెల్లూరుతో సహా మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పి చేసినప్పుడు ఈ సంగతి ఇక్కడెవరికీ తెలియదు. 1877 బలమైన ఎల్‌నినో ఏడాదని తర్వాత తేలింది. 1899లో వానలు మళ్లీ మొహం చాటేశాయి.

1904లో మన వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ అసలు లెక్కల మనిషి. దేశదేశాల గాలి ఒత్తిడి అంకెలు ముందేసుకుని కూర్చున్నాడు. పసిఫిక్ వైపు ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోంది, అటు తగ్గితే ఇటు పెరుగుతోంది, అచ్చం త్రాసులా. ఎందుకో మాత్రం ఆయన చెప్పలేకపోయాడు. 1969లో వాతావరణ శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్ ఆ త్రాసును పసిఫిక్ నీటి వేడితో ముడిపెట్టాడు.

ఎల్‌నినో ఏడాదిలో నైరుతి తరచూ బక్కచిక్కిపోతుంది. ఈశాన్యం మాత్రం చాలాసార్లు బలపడుతుంది. 2015లో దేశమంతా నైరుతి లోటు, నవంబరులో నెల్లూరు జిల్లా మునక. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చిందీ ఎల్‌నినోలోనే.

అలాగని దీన్ని సూత్రం చేసుకోలేం. 2021 నవంబరులో ఉన్నది లానినా, అంటే ఎల్‌నినోకు తలకిందులు, పసిఫిక్ నీళ్లు చల్లబడే దశ. అయినా పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది, పక్కనే హైవే తెగింది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన ‘గే’ తుపాను పుట్టింది థాయ్‌లాండ్ సింధుశాఖలో. ఆ దేశాన్ని అడ్డంగా దాటి మరీ మనమీదికొచ్చింది!

మరి కోవూరు రైతు నిశ్చింతగా ఉండొచ్చా? ఆయన వరికి నీళ్లు సోమశిల నుంచి రావాలి. 78 టీఎంసీల ఆ జలాశయంలోకి వచ్చేవి ఎగువన రాయలసీమలో కురిసిన వాన, శ్రీశైలం మీదుగా వచ్చే కృష్ణ నీళ్లు. కృష్ణకు ప్రాణం నైరుతే. అందుకే స్క్రోలింగ్ పడిన రోజున ఆయన మబ్బుల కోసం చూడడు, సోమశిలలో ఎన్ని టీఎంసీలున్నాయని అడుగుతాడు.