డెంగీ తగ్గాక వచ్చే నీరసం: మా క్లినిక్‌లో రోజూ వినే అపోహలు

మొన్న మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకావిడ ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో దువ్వెనకొచ్చిన జుట్టు ఉండ. "జ్వరం తగ్గి మూడు నెలలైంది సార్. గంట కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయి. ఇంట్లోవాళ్లేమో బద్ధకం అంటున్నారు" అంది. వానలు వెళ్లాక గుంటూరులో ఇలాంటివాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు.

అపోహ: ప్లేట్‌లెట్లు పెరిగితే డెంగీ పోయినట్టే.

వాస్తవం: ప్లేట్‌లెట్లు వారం పది రోజుల్లో మామూలుకొస్తాయి. ఒంట్లో సత్తువ అంత తొందరగా రాదు. కొందరికి వారాలు, ఇంకొందరికి నెలలు పడుతుంది. నిద్ర పట్టకపోవడం, దిగులు, చేసే పని మీద ధ్యాస నిలవకపోవడం కూడా ఉంటాయి. అది బద్ధకం కాదు. జుట్టు సంగతి వేరు. పెద్ద జ్వరం దెబ్బకు బోలెడన్ని కుదుళ్లు ఒకేసారి ఎదుగుదల ఆపేస్తాయి, రెండు మూడు నెలలకు ఆ జుట్టంతా కలిసి ఊడుతుంది. చాలామందికి మళ్లీ వస్తుంది, నూనెల మీద డబ్బు తగలేయకండి.

అలాగని ప్రతిదీ డెంగీ మీదకి నెట్టేయకూడదు. ఆవిడకి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 ఉంది, అంటే ఒంట్లో రక్తం బాగా తక్కువ. భర్తను లోపలికి పిలిచి ఆ రిపోర్టు చేతిలో పెట్టాను. నీరసం నెల దాటితే రక్తం, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. కీళ్లు వాచి నెలల తరబడి నొప్పులుంటే చికున్‌గున్యా ఏమోనని అడగండి. అదీ డెంగీ దోమతోనే వస్తుంది.

కళ్లను మాత్రం అశ్రద్ధ చేయొద్దు. ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చూడండి. అంకె మధ్యలో మచ్చలా కనిపించినా, మసకగా ఉన్నా ఆ రోజే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జ్వరం మొదలైన వారానికి అటూ ఇటూగా ఇది బయటపడుతుంది.

అపోహ: కోలుకున్న మనిషిలో వైరస్ దాక్కునే ఉంటుంది, కంచం గ్లాసు వేరుగా పెట్టాలి.

వాస్తవం: అలా దాక్కునేది ఎబోలా అనే మరో జ్వరం వైరస్. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా సోకి బతికిన డాక్టర్ ఇయాన్ క్రోజియర్ రక్తంలో వైరస్ పోయాక కూడా కంట్లో మిగిలింది. ఆ కంటి నీలిరంగు ఆకుపచ్చకు తిరిగింది. డెంగీ వైరస్ రక్తంలో ఉండేది ఇంచుమించు వారమే. కంచం వల్ల అంటదు, దోమ కుట్టాలి. తిరిగొచ్చిన మనిషిని ఇంట్లో వెలివేసినట్టు చూడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అపోహ: ఒకసారి వస్తే మళ్లీ రాదు.

వాస్తవం: డెంగీలో 4 రకాలున్నాయి. రెండోసారి వేరే రకం సోకితే ముప్పు ఎక్కువ. అందుకే పాత రిపోర్టు దాచుకోండి, జ్వరం వస్తే డాక్టరుకి ముందు అదే చూపించండి. జ్వరం దిగిన రోజే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.