పెద్ద నదికి నిలిచి చిన్న వాగుకు తెగే రైలు కట్ట

2024 సెప్టెంబరు 1న కాజీపేట–విజయవాడ మార్గంలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య పట్టాలు ఉన్నాయి, వాటి కింద కట్ట లేదు. మట్టినీ కంకరనూ వరద ఊడ్చుకుపోయింది. కింద అడ్డంగా వేసే స్లీపర్ దిమ్మెలు పట్టుకుని ఉన్న పట్టాలు గాలిలో నిచ్చెనలా వేలాడాయి. మహబూబాబాద్ దగ్గర తాళ్లపూసపల్లి వైపు కూడా కట్టకు గండి పడింది. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్ళే ప్రధాన మార్గం అక్కడ తెగిపోయి వందల రైళ్ళు రద్దయ్యాయి, ఇంకెన్నో దారి మళ్ళాయి.

అవే రోజుల్లో విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. అంత వరద ఆ బ్యారేజీ అంతకుముందు చూడలేదు. అయినా కృష్ణ మీది రైలు వంతెనలు నిలబడ్డాయి. తెగింది మాత్రం కేసముద్రం దగ్గర వాగులు దాటే చోట వేసిన మట్టికట్ట. మన ప్రాంతంలో వరదకు జరిగిన పెద్ద రైలు ప్రమాదాలూ ఇలాంటివే. 1954లో జనగామ దగ్గర, 1956 సెప్టెంబరులో జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య, 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర వరదకు వంతెన పోయి, మూడు చోట్లా వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మూడూ వాగుల మీది వంతెనలే. వలిగొండలో పైనున్న చెరువు తెగి నీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్ళే డెల్టా ప్యాసింజర్ తెల్లవారుజామున ఆ గండిలోకి వెళ్ళిపోయింది.

గోదావరి లాంటి నదికి వరద రావడానికి రోజులు పడుతుంది. ఎగువన మట్టాలు కొలుస్తారు, భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు ఇస్తారు, రైల్వేకు సిద్ధమయ్యే వ్యవధి దొరుకుతుంది. పది చదరపు కిలోమీటర్ల నీరు మాత్రమే చేరే వాగుకు ఆ వ్యవధి గంటో రెండు గంటలో. దాని మీద కొలబద్ద పెట్టి రాత్రంతా చూసేవాళ్ళు ఉండరు.

ఆ పది చదరపు కిలోమీటర్ల లెక్కే వేసి చూద్దాం. నేల అప్పటికే తడిసి ఉంది, గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురుస్తోంది, పడిన నీటిలో 60 శాతం పారుతోంది అనుకుంటే వాగులోకి వచ్చేది సెకనుకు దాదాపు 83 ఘనమీటర్లు. రైలు కట్ట కింద మూడేసి మీటర్ల వెడల్పున్న రెండు ఖానాల కల్వర్టు ఉందనుకోండి. రెండు మీటర్ల లోతుతో, సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో నీళ్ళు పోయినా దాని గుండా వెళ్ళేది 30 ఘనమీటర్లే. మిగతా 53 ఘనమీటర్లు కట్టకు ఎగువన నిలబడతాయి. గంటలో అది లక్షా తొంభై వేల ఘనమీటర్లు అవుతుంది. పాతిక ఎకరాల పల్లంలో పరుచుకుంటే నీటిమట్టం దాదాపు 1.9 మీటర్లు లేస్తుంది. మట్టం పెరిగేకొద్దీ కల్వర్టులో వేగం కొంత పెరుగుతుంది కాబట్టి అసలు లెక్క కాస్త తక్కువే ఉండవచ్చు. కానీ కొట్టుకొచ్చిన చెట్లు, ముళ్ళకంపలు ఖానాకు అడ్డం పడితే ఆ వెసులుబాటూ పోతుంది. అప్పుడు రైలు కట్ట చెరువు కట్ట పని చేస్తుంది. దానికోసం కట్టింది కాదది. నీళ్ళు ఊటెత్తకుండా ఆపే బంకమట్టి గర్భం దానికి ఉండదు, పొంగిన నీరు దిగిపోవడానికి మత్తడి ఉండదు.

చెరువు తెగితే ఈ లెక్క కూడా పనికిరాదు. 50 ఎకరాల చెరువు సగటున రెండున్నర మీటర్ల లోతు ఉంటే అందులో సుమారు 5 లక్షల ఘనమీటర్ల నీరుంటుంది. గంటలో ఖాళీ అయితే సెకనుకు 140 ఘనమీటర్లు, వాన వరద దానికి అదనం. తెలంగాణలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి, ఒకదాని అలుగు నీరు ఇంకోదానిలోకి పోతుంది. పైది తెగితే కిందివి వరసగా తెగవచ్చు. రాయలసీమలో 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నందలూరు–రాజంపేట మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. ఆ నెలలోనే పెన్న వరదకు నెల్లూరు–పడుగుపాడు మధ్య లైను దెబ్బతిని, చెన్నై–విజయవాడ రైళ్ళు ఆగిపోయాయి.

కట్ట తెగేది నీరు పైకి ఎక్కిన వైపు నుంచి కాదు, దిగే వైపు నుంచి. ఎగువ నీరు కంకర దాకా లేచాక రాళ్ళ సందుల్లోంచి అవతలికి పారుతుంది. అవతలి వాలు మీద జారేటప్పుడు దాని వేగం పెరుగుతుంది. వేగం రెట్టింపయితే ప్రవాహం కదిలించగల రాయి బరువు 64 రెట్లు అవుతుంది. మొదట వాలు అడుగున చిన్న గొయ్యి పడుతుంది, గొయ్యి పైనున్న మట్టి విరిగి పడుతుంది, ఆ కోత వెనక్కి, అంటే పట్టాల వైపు పాకుతుంది. మీటరుకు అర టన్నుకు పైగా బరువుండే పట్టాల చట్రం మాత్రం పడిపోకుండా వేలాడుతూ ఉంటుంది.

ఇక్కడే చాలామందికి తెలియని ప్రమాదం ఉంది. పట్టాల గుండా కరెంటు పంపి రైలును గుర్తించే ఏర్పాటును ట్రాక్ సర్క్యూట్ అంటారు. పట్టా విరగకపోతే అందులో కరెంటు తెగదు. సిగ్నలు వ్యవస్థకు తెలిసేది ఆ ముక్క మీద రైలు ఉందా లేదా అన్నదే, కింద మట్టి ఉందా లేదా అన్నది కాదు. కాబట్టి గండి మీద వేలాడే లైనుకూ పచ్చ సిగ్నలు పడవచ్చు. ఇరుసులు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటరు ఉన్నచోట కూడా అంతే. రైళ్ళు ఢీకొనకుండా ఆపే కవచ్ కూడా నేలను చూడలేదు. (నీళ్ళు కంకరను ముంచితే ట్రాక్ సర్క్యూట్‌లో కరెంటు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు కారి సిగ్నలు ఎర్రగా మారవచ్చు. అది మన అదృష్టం, నమ్ముకోదగిన ఏర్పాటు కాదు.) లోకో పైలట్ కన్ను కూడా చాలదు. హెడ్‌లైటు వెలుతురు సుమారు 300 మీటర్లు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు అత్యవసర బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరుకు అటూ ఇటూగా కావాలి.

అందుకే వానాకాలం రాత్రుల్లో పెట్రోల్‌మన్ నడుస్తాడు. చేతిలో కర్ర, రంగుల లాంతర్లు, ఈల, పెట్రోల్ పుస్తకం, సంచిలో డిటోనేటర్లు. డిటోనేటరు అంటే పట్టాకు బిగించే చిన్న రేకు డబ్బీ. చక్రం ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలి డ్రైవరును హెచ్చరిస్తుంది. ఒక మనిషిని రాత్రికి 20 కిలోమీటర్లకు మించి నడిపించకూడదన్నది నియమం. గండి కనబడితే రైలు ముందుగా రాగల వైపుకు ఎర్ర దీపం చూపుతూ పరుగెత్తాలి. 600 మీటర్ల దూరాన ఒక డిటోనేటరు, 1200 మీటర్ల దూరాన పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. ఆ 1200 మీటర్లు ఊరికే రాసిన అంకె కాదు, పైన చెప్పిన బ్రేకు దూరానికి సరిపడేది. పెట్రోల్‌మన్ అనుకున్న వేళకు 15 నిమిషాల్లోపు స్టేషనుకు చేరకపోతే, స్టేషన్ మాస్టర్ రైళ్ళను ఆపి, గంటకు 40 కిలోమీటర్ల వేగానికి మించకుండా వెళ్ళమని రాసిన కాషన్ ఆర్డర్ చేతికిచ్చి పంపాలి. మన రైలు కారణం తెలియకుండా ఏదో చిన్న స్టేషనులో అరగంట ఆగిందంటే, చాలాసార్లు చీకట్లో ఒక మనిషి నడక ముగిసేదాకా ఎదురుచూస్తోందని అర్థం. భారత రైల్వేలో ఇంతకంటే గౌరవించదగిన ఉద్యోగం నాకు కనబడదు.

నీళ్ళు పట్టాల మీదికి వచ్చి కట్ట ఇంకా నిలిచి ఉంటే రైలు నడపవచ్చా? ముందు ఆపాల్సిందే. తర్వాత ఇద్దరు పక్కపక్కన, స్లీపర్ల రెండు చివర్లనూ తడుముతూ నడిచి, కింద గట్టిగా ఉందని తేల్చుకున్నాకే నడక వేగంతో దాటిస్తారు. కంకర కొట్టుకుపోయి ఉంటే అదీ లేదు. ఇంజను సంగతి వేరే ఉంది. ట్రాక్షన్ మోటార్లు ఇరుసులకు ఆనుకుని, పట్టాకు జానెడు ఎత్తులో ఉంటాయి. తడిస్తే ఇన్సులేషన్ పోయి కాలిపోతాయి. ముంబయి లోకల్ రైళ్ళను పట్టా మీద నాలుగు అంగుళాల నీరు దాటితే ఆపేసేది ఇందుకే.

లైను తెగాక కంట్రోల్ ఆఫీసు ముందున్న చిక్కు దారి మళ్ళింపు. 2024లో ప్రధాన మార్గం తెగితే మిగిలిన దగ్గరి దారి గుంటూరు, మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా పగిడిపల్లి. వలిగొండ ఉన్నది ఆ దారిలోనే. అక్కడ ఎక్కువ భాగం ఒంటి లైను, ఎదురు రైలు దాటేదాకా స్టేషనులో నిలబడాలి. కాబట్టి అన్ని రైళ్ళనూ అటు పంపడం కుదరదు. ఆ దారి తెలిసిన లోకో పైలట్లు కూడా కావాలి, కొత్త లైను మీద గుర్తులు, వాలులు నేర్చుకోకుండా బండి నడపనివ్వరు. ఒక రైలు చేరవలసిన చోటికి చేరకపోతే అవే బోగీలతో బయలుదేరాల్సిన తిరుగు రైలు కూడా రద్దవుతుంది. వరద లేని ఊళ్ళో ఎండ కాస్తుండగా రైలు రద్దు కావడానికి కారణం అదే. అలాంటప్పుడు ఈ-టికెట్ డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది, కౌంటరులో కొన్న టికెట్టును మూడు రోజుల్లోపు కౌంటరుకు తీసుకెళ్ళాలి. రైలు రద్దు కాకుండా మూడు గంటలకు పైగా ఆలస్యమైనా, దారి మళ్ళి మీకు పనికిరాకపోయినా పూర్తి డబ్బు వస్తుంది. కానీ అది అడిగితేనే. ఈ-టికెట్‌కు టీడీఆర్ (డబ్బు వాపసు కోరే ఆన్‌లైన్ దరఖాస్తు) వేయాలి, ఆలస్యమైన సందర్భంలో రైలు మీ స్టేషను వదిలేలోపే వేయాలి. వాకబుకు 139.

గండి పూడ్చే పని ఎంతదో మట్టి లెక్క చెబుతుంది. రెండు లైన్ల కట్ట పైన 13 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు, పక్కలకు ఒకటికి రెండు చొప్పున వాలు అనుకుంటే 20 మీటర్ల గండికి దాదాపు 1,700 ఘనమీటర్లు పడుతుంది. పది ఘనమీటర్ల టిప్పర్లు 170. గట్టిగా తొక్కితే మట్టి కుదించుకుంటుంది కాబట్టి లెక్క రెండు వందలు దాటుతుంది. చుట్టూ పొలాలు మునిగి ఉంటే టిప్పరు అక్కడికి రాలేదు. రెండు పక్కల నుంచీ రైలు మీదే బండరాళ్ళు, ఇసుక బస్తాలు, కంకర తేవాలి.

నీరు ఇంకా పారుతుంటే ముందు మట్టి పోయరు, పోసినదంతా పోతుంది. అడుగున పెద్ద బండరాళ్ళు, వైరు వలలో కట్టిన రాళ్ళు వేసి, నీటికి దారిగా హ్యూమ్ పైపులు (పెద్ద సిమెంటు గొట్టాలు) పెట్టి, పైన మొరం పొరలు పొరలుగా తొక్కుకుంటూ వస్తారు. ఒక్కో పొర అడుగు మందానికి మించకూడదు. తొందరపడి ఒకేసారి పోస్తే లోపల గుల్లగా ఉండిపోయి మొదటి రైలుకే కుంగుతుంది. దాని మీద 300 మిల్లీమీటర్ల కంకర, స్లీపర్లు, పట్టాలు. ఆ హడావుడిలో పట్టాలను వెల్డు చేయరు, రెండు పట్టాల చివర్లను కలిపే ఫిష్ ప్లేట్లనే ఇనుప బద్దలతో బిగిస్తారు. వెల్డింగు, పట్టాలోని ఒత్తిడి సరిచేయడం తర్వాతి పని. కరెంటు స్తంభాలు పడిపోయి ఉంటే డీజిల్ ఇంజనుతో నడిపిస్తారు.

కేసముద్రం దగ్గర సెప్టెంబరు 4కల్లా రైలు కదిలింది. పగలూ రాత్రీ వందలమంది వానలో నిలబడి చేసిన పని అది. అయితే రైలు కదలడం వేరు, లైను బాగుపడటం వేరు. ఇలాంటి చోట మొదట ఇంజనునో గూడ్సునో నడక వేగంతో పంపి కుంగుదల కొలుస్తారు. గూడ్సు బండి ఇరుసు బరువు 22.9 టన్నుల దాకా, అంటే ప్రయాణికుల బోగీ కంటే చాలా ఎక్కువ, ఉంటుంది కాబట్టి పరీక్షకు అదే తగినది. తర్వాత వేగం 10, 20, 30, 45 అంటూ మెల్లగా పెంచుతారు, ప్రతి మెట్టుకూ ముందు కంకర మళ్ళీ దట్టిస్తారు. పక్కనున్న, చూడటానికి చెక్కుచెదరని కట్ట మీద కూడా కొన్నాళ్ళు ఈ ఆంక్ష ఉంటుంది. తడిసి బరువెక్కిన వాలుకు ఇన్నాళ్ళూ బయటి నీరు ఆసరాగా ఉంది. వరద వేగంగా దిగిపోతే ఆ ఆసరా పోతుంది, లోపలి నీరు అంత త్వరగా బయటికి రాదు, కట్ట జారుతుంది. వాన వెలిసి రెండు రోజులయ్యాక వాలు జారడం అందుకే. నల్లరేగడి నేలల్లో ఇది మరీ ఎక్కువ.

పూడ్చినచోట నీటి దారి పాత వెడల్పే ఉంచితే మళ్ళీ అంత వాన పడిన ఏడు మళ్ళీ అక్కడే తెగుతుంది. మామూలు వంతెనల నీటి దారిని 50 ఏళ్ళకు ఒకసారి వచ్చే వరదకు లెక్కగడతారు. అంటే ఏ ఏడాదైనా దాటే అవకాశం 2 శాతం. వినడానికి చిన్నదే. కానీ ఒక సెక్షనులో విడివిడి వాగుల మీద అలాంటి కల్వర్టులు వంద ఉంటే, ఏడాదిలో కనీసం ఒకదానికి ఆ వరద రావడానికి 87 శాతం అవకాశం ఉంది. ఆ లెక్క వేసిననాటి చెరువులు, పొలాలు ఇప్పుడు లేవు, కుంటలు పూడి ప్లాట్లయ్యాయి, రోడ్లు వాగు దారి మార్చాయి. తెగితే రైలు కట్టకు ముప్పు తెచ్చే చెరువుల జాబితా ఒకటి రైల్వే దగ్గర ఉంటుంది, వానాకాలానికి ముందు రాష్ట్ర నీటిపారుదల శాఖతో కలిసి వాటి కట్ట, తూము, అలుగు చూడాలి. నా దృష్టిలో ఆ మే నెల తనిఖీ సెప్టెంబరు మరమ్మతు కంటే ముఖ్యమైనది. జాబితాలోని పెద్ద చెరువుతో పాటు దాని పైనున్న కుంటల గొలుసంతా నడిచి చూడాలి. ఏ అలుగుకు అడ్డంగా చేపల వల కట్టారో, ఎక్కడ అలుగు ఎత్తు పెంచి ఇసుక బస్తాలు వేశారో ఊళ్ళోవాళ్ళకు తెలుస్తుంది, కాగితం మీద ఉండదు.