చప్పట్లు, దీపాలు, పూలు: ఒక స్టాఫ్ నర్సు చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను విశాఖపట్నంలో స్టాఫ్ నర్సుని. 2020లో కోవిడ్ వార్డులో పనిచేశాను, 2021లో మళ్లీ చేశాను. ఇప్పటికీ ఆ రోజుల మాట వస్తే జనం రెండు రకాలుగా మాట్లాడతారు. "చప్పట్లు కొట్టి కరోనాని తరిమేశాం" అంటారు కొందరు. "చప్పట్లు కొట్టించి జనాన్ని పిచ్చోళ్లను చేశారు" అంటారు ఇంకొందరు. రెండు మాటలూ నాకు కష్టంగానే ఉంటాయి. ఆ చప్పట్లు ఎవరి కోసం కొట్టారో వాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి, నాకు తెలిసినంత చెబుతాను.

అపోహ: ఆ శబ్దానికి వైరస్ చచ్చిపోయింది

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా ఇళ్లలోనే ఉండమన్నారు. సాయంత్రం 5 గంటలకు ఐదు నిమిషాలు గుమ్మంలోనో బాల్కనీలోనో నిలబడి చప్పట్లు కొట్టి, గంట మోగించి, సేవలు చేస్తున్నవాళ్లకు కృతజ్ఞత చెప్పమన్నారు. అడిగింది అంతే. కానీ ఆ ప్రకంపనలకు వైరస్ నశిస్తుందని వాట్సాప్‌లో తిరిగింది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ అప్పుడే చెప్పింది.

దీనికి తోడు ఇంకో లెక్క తిరిగింది. వైరస్ 12 గంటలే బతుకుతుంది, కర్ఫ్యూ 14 గంటలు, కాబట్టి గొలుసు తెగిపోతుందని. ప్లాస్టిక్ మీద అది మూడు రోజుల దాకా ఉండగలదని ప్రయోగశాలల్లో అప్పటికే తేలింది. అయినా అసలు సంగతి వస్తువులది కాదు, మనుషులది. ఒంట్లోకి వచ్చాక లక్షణాలు బయటపడడానికి 14 రోజుల దాకా పట్టొచ్చు. ఇంట్లో కూర్చున్న మనిషిలో అది హాయిగా బతికే ఉంటుంది.

కొన్ని ఊళ్లలో జనం పళ్లేలు, శంఖాలు పట్టుకుని గుంపుగా రోడ్డెక్కారు. నోరు తెరిచి కేకలు వేస్తే తుంపర్లు ఇంకా ఎక్కువ వస్తాయి. టీవీలో అది చూసి మా వార్డు సిస్టర్లందరం గుండె పట్టుకున్నాం.

అపోహ: దీపాల రాత్రి కరెంటు గ్రిడ్ కూలిపోయేదే, అదృష్టం కొద్దీ బయటపడ్డాం

ఏప్రిల్ 5, రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు ఇళ్లలో లైట్లు ఆర్పి దీపాలు వెలిగించమన్నారు. దీపాల వేడికి వైరస్ చస్తుందన్న మాట గురించి చెప్పేదేమీ లేదు, చావదు. అందరూ ఒక్కసారిగా లైట్లు ఆర్పి, మళ్లీ ఒక్కసారిగా వేస్తే గ్రిడ్ తట్టుకోలేక కరెంటు పోతుందన్న భయం మాత్రం మాకూ ఉండేది. నాకు ఆ రాత్రి డ్యూటీ. ఎనిమిదిన్నరకే జనరేటర్‌లో డీజిల్ చూసుకున్నాం, ప్రతి వెంటిలేటర్‌కీ బ్యాటరీ లైటు వెలుగుతోందో లేదో ఒక్కొక్కటే తిరిగి చూసుకున్నాం. ఆసుపత్రుల్లో, వీధుల్లో లైట్లు ఆర్పమని ఎవరూ అనలేదు. ఇళ్లలో కూడా లైట్లే ఆర్పమన్నారు, ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు కాదు.

డిమాండ్ 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని ముందు అంచనా వేశారు. తగ్గింది దాదాపు 32 వేలు. అయినా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే 50 దగ్గరే ఉండాల్సిన కరెంటు లయ, 49.7 నుంచి 50.26 హెర్ట్జ్ మధ్యే నిలిచింది. జల విద్యుత్తును వేగంగా దించి, మళ్లీ అంతే వేగంగా పెంచి నిలబెట్టారు. కంట్రోల్ రూముల్లో కూర్చుని ఆ పని చేసినవాళ్లకు అదృష్టం అన్న మాట అంటగట్టకండి, అది వాళ్ల విద్య. మా వార్డులో ఒక్క మానిటర్ కూడా మిణుకుమనలేదు.

నర్సుగా నాకు ఆ రాత్రి అసలు టెన్షన్ శానిటైజర్ గురించి. అందులో 70 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. మన విశాఖ ఎండల్లో గది వేడికే దాని ఆవిరి అంటుకుంటుంది. చేతులకు రాసుకుని, అది ఆరకముందే అగ్గిపుల్ల గీస్తే, కంటికి సరిగా కనబడని నీలం మంట చేతినిండా లేస్తుంది. దీపం పెట్టే ముందు సబ్బుతో కడుక్కోండని అప్పట్లో అధికారులూ హెచ్చరించారు. ఇప్పటికీ చాలా ఇళ్లలో దేవుడి గది పక్కనే శానిటైజర్ సీసా కనిపిస్తుంది. దయచేసి అక్కడి నుంచి తీసేయండి.

అపోహ: చప్పట్లు, పూలు మాకు అక్కర్లేదు, అంతా దండగ

ఈ మాట మా వైపు నిలబడి, మా మంచి కోరి అనేవాళ్లే ఎక్కువ. అయినా ఒప్పుకోలేను.

మే 3న మూడు సైనిక దళాలూ దేశమంతా కృతజ్ఞత తెలిపాయి. విశాఖలో నేవీ హెలికాప్టర్ పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. సాయంత్రం ఆర్.కె. బీచ్ ఎదురుగా నౌకలు దీపాలు వెలిగించాయి. నా స్నేహితురాలిది శ్రీకాకుళం దగ్గర పల్లె. మార్చి నుంచి వాళ్లమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు, "ఉజ్జోగం మానేసి వచ్చీ, గంజి తాగి బతుకుదాం" అని. ఆ రోజు టీవీలో పూలు పడడం చూసి ఫోన్ చేసింది. "నువ్వు సేసేది ఇంత పెద్ద పనా అమ్మా? జాగర్తగా సెయ్యి" అంది. ఆ తర్వాత మానేయమని అడగలేదు. డ్యూటీలో ఉన్నవాళ్లకు ఆ పూలు కనబడకపోయి ఉండొచ్చు. మా కోసం ఇంట్లో భయపడుతున్నవాళ్లకు కనబడ్డాయి, వాళ్ల ధైర్యమే మాకు ధైర్యం.

పూలు పడిన నాలుగో రోజు, మే 7 తెల్లవారుజామున, విశాఖలోనే ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష వాయువు లీకైంది. వందల మందిని కేజీహెచ్‌కి, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రికి తీసుకొచ్చారు. మంచానికి ఇద్దరు, ముగ్గురు పిల్లలు. కోవిడ్‌తో అప్పటికే అలసిపోయి ఉన్న సిబ్బందే వాళ్ల కళ్లు కడిగారు, ఆక్సిజన్ పెట్టారు. ఆ ఉదయం ఎవరినీ ఇంటి దగ్గర నుంచి బతిమాలి రప్పించాల్సిన పని లేకపోయింది.

అపోహ: చప్పట్లు కొట్టినవాళ్లే ఇల్లు ఖాళీ చేయించారు, కాబట్టి ఆ చప్పట్లు దొంగవి

నాకూ ఇది జరిగింది. మార్చి 22న మా ఇంటి ఓనరు ఆంటీ స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడుతుంటే మెట్ల మీద నిలబడి నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఏప్రిల్ రెండో వారంలో ఆవిడే తలుపు సందులోంచి, "పిల్లలున్న ఇల్లు కదమ్మా, రెండు నెలలు ఎక్కడైనా చూసుకో, ఏమీ అనుకోకు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఆవిడ పళ్లెం మోగించింది నిజమైన మనసుతోనే. భయపడిందీ నిజంగానే. ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. మర్నాడు మెట్ల కింద నిలబడి, ఒళ్లంతా కప్పే మా పీపీఈ కిట్ ఎలా విప్పుతామో ఆవిడకు చేసి చూపించాను. బయటి గ్లౌజులు, గౌను, కళ్లద్దాలు, అన్నిటికన్నా చివర మాస్కు. ఒక్కో వస్తువు విప్పాక ఒక్కోసారి చేతులు శుభ్రం చేసుకోవడం, తర్వాత స్నానం, బట్టలు మార్చుకోవడం. ఆవిడ పైనుంచి గుడ్లప్పగించి చూసింది. ఇంకేమీ అనలేదు. నాలుగో రోజు నుంచి మెట్టు మీద క్యారేజీ కనబడేది, చారు, అన్నం, ఒక్కోసారి వంకాయ వేపుడు.

అందరికీ అలాంటి ఆంటీ దొరకలేదు. నెల్లూరుకు చెందిన ఒక డాక్టరు చెన్నైలో కోవిడ్‌తో చనిపోతే దహనానికి కూడా అడ్డుపడ్డారు. ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడు నెలల నుంచి ఐదేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే ఆరు నెలల నుంచి ఏడేళ్ల జైలు. ఆ రక్షణ మాకు చాలా అవసరమైంది.

అపోహ: నర్సులు దేవతలు, వాళ్లకు భయం, ఆకలి ఉండవు

ఉంటాయి. కిట్ వేసుకుంటే ఆరు గంటలు మంచినీళ్లు లేవు, బాత్రూమ్ లేదు. నెలసరి రోజుల్లో కూడా అంతే. విశాఖ ఉక్కపోతలో చెమట గ్లౌజుల్లోకి కారి వేళ్లు నానిపోయి తెల్లగా ముడతలు పడేవి. దేవత అనేస్తే సెలవు అడగడానికి, జీతం ఆలస్యమైందని చెప్పడానికి మాకే సిగ్గేస్తుంది. మమ్మల్ని చదువుకుని పనిచేసే మనుషులుగా చూస్తే చాలు. వార్డు తుడిచే అవుట్‌సోర్సింగ్ అమ్మల్ని, 108 డ్రైవర్లని, ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తల్ని కూడా అలాగే చూడండి.

అపోహ: 2021లో చప్పట్లు లేవు కాబట్టి దేశభక్తి కూడా లేదు

రెండో వేవ్‌లో మేం చెవులు పెట్టుకుని విన్న శబ్దం ఆక్సిజన్‌ది. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపిన ఏడు ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయల్దేరింది. అప్పటికే ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా కూర్మన్నపాలెంలో కార్మికుల దీక్షలు నడుస్తున్నాయి. దీక్షలు చేస్తూనే ప్లాంటు ఆపకుండా నడిపించారు. మే నెలలో నేవీ నౌక సింగపూర్ నుంచి ద్రవ ఆక్సిజన్‌ను గడ్డకట్టే చలిలో దాచే క్రయోజెనిక్ ట్యాంకులు, సిలిండర్లు మన రేవుకు మోసుకొచ్చింది. పేషెంటుకు వెళ్లే ఆక్సిజన్‌ను కొలిచే ఫ్లోమీటర్ గిన్నెలో నీళ్లు బుడబుడమంటూ ఉంటే మాకు ప్రాణం లేచివచ్చేది.

అపోహ: కృతజ్ఞత చెప్పాలంటే శాలువా, స్వీట్ బాక్స్ కావాలి

జ్వరం ఎప్పుడు మొదలైందో, షుగర్ ఉందో లేదో దాచకుండా చెప్పండి. పేషెంటు దగ్గరికి ఒక్కరే రండి. బాగా చూసుకున్న సిస్టర్ పేరు రాసి సూపరింటెండెంట్‌కు ఒక కాగితం ఇవ్వండి, అది ఫైల్లో ఉంటుంది, తర్వాత మాకు పనికొస్తుంది. ఆరోగ్యంగా ఉంటే రక్తం ఇవ్వండి.

జాలరిపేట మామ్మ ఒకావిడ మా వార్డులో పన్నెండు రోజులుంది. కిట్‌లో అందరం ఒకేలా ఉంటామని గౌను మీద మార్కర్‌తో పేరు రాసుకునేవాళ్లం. మామ్మకు చదువు రాదు. "ఏటి సిస్టరమ్మా, నీ మొకమొకసారి సూపించవా, నాను బతికితే గుర్తెట్టుకోవాలి కదా" అని రోజూ అడిగేది. చూపించడానికి వీల్లేదు. డిశ్చార్జి రోజు ఫోన్‌లో నా ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి, "గొంతుకి సరిపోయింది" అంది.