పాత ప్లేట్లు, క్యాసెట్లు: అపోహలు - వాస్తవాలు

గ్రామఫోన్ ప్లేట్లు, క్యాసెట్లలోని పాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఇల్లు మారేటప్పుడు చాలామంది వీటిని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నారు. వాళ్లు చెప్పే కారణాలు వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: పాట యూట్యూబ్‌లో ఉందిగా, ప్లేటు ఎందుకు?

వాస్తవం: అక్కడున్నది ఎవరో ఒకసారి తిప్పి ఎక్కించిన పాట. ఎంత వేగంతో తిప్పారో, గరగర తీసేయబోయి ఇంకేం తీసేశారో తెలియదు. తొలినాటి రికార్డులన్నీ నిమిషానికి సరిగ్గా 78 చుట్లవి కావు. 74తో చేసినదాన్ని 78తో తిప్పితే దాదాపు అర శ్రుతి పెరుగుతుంది, గమకాలు పరుగెడతాయి. అది విని ‘అబ్బ, ఎంత హెచ్చు శ్రుతిలో పాడేవారో’ అని మురిసిపోతాం. ప్లేటు చేతిలో ఉంటే మళ్లీ సరిచూసుకోవచ్చు. లేబుల్ పక్కన చెక్కి ఉండే నంబరు, అది ఎప్పటి రికార్డో తేల్చడానికి పనికొస్తుంది.

అపోహ: అప్పటి పాట అచ్చం ప్లేటులో వినిపించినట్టే ఉండేది.

వాస్తవం: పది అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. నాటక పద్యంలో రాగం పొట్టిగా ఉందంటే నటుడికి ఊపిరి చాలక కాదు, ప్లేటు చాలక. 1925కి ముందు మైకుతో రికార్డింగ్ దాదాపు లేదు, బాకాలాంటి కొమ్ములోకి గొంతెత్తి పాడాల్సిందే. 1902లో కలకత్తాలో రికార్డుకు పాడిన హిందుస్తానీ గాయని గౌహర్ జాన్, పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పారు. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో, పాడిందెవరో అక్కడివాళ్లకు తెలియాలి కదా.

అపోహ: స్పిరిట్‌తో తుడిస్తే మెరుస్తుంది.

వాస్తవం: దయచేసి వద్దు. 78 ప్లేట్లలో ఉన్నది లక్క, స్పిరిట్‌కు కరుగుతుంది. ఒకాయన ప్రేమగా తుడిచి తెచ్చిన ప్లేటులో ఒక వైపు పాట పూర్తిగా పోయింది.

అపోహ: మా అమ్మమ్మ పాట ఎవరికి కావాలి?

వాస్తవం: పేరున్న విద్వాంసుల ప్లేట్లు ఎన్నో అచ్చయ్యాయి. అమ్మమ్మ క్యాసెట్ లోకంలో ఒక్కటే. అలాంటిదొకటి నా దగ్గరికి వచ్చింది. అప్పగింతల పాట, వెనక మజ్జిగ చిలుకుతున్న చప్పుడు. ఆవిడ మధ్యలో ఆగి, ‘ఇక్కడ మా అత్తగారు వేరేగా పాడేది’ అంటూ అదే చరణాన్ని ఇంకో వరసలో పాడారు. ఆ ఒక్క మాటతో ముందు తరం వరస కూడా దొరికింది! తెచ్చినాయన మాటలు కత్తిరించి పాట మాత్రం ఇమ్మన్నారు. పాట విడిగా ఇచ్చాను, మొత్తం రికార్డింగ్‌నూ ఉన్నదున్నట్టు ఇచ్చాను. అట్ట మీద ఊరి పేరు, సంవత్సరం లేవు. వాళ్లమ్మగారికి ఫోన్ చేసి అడిగి, అక్కడే పెన్సిల్‌తో రాశాం.