కిక్‌ఆఫ్ గొడవ వెనుక 2010 అక్టోబరు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కిక్‌ఆఫ్ మీద, అంటే బంతిని అవతలి జట్టు వైపు తన్ని ఆట మొదలుపెట్టే ఘట్టం మీద మళ్లీ రగడ మొదలైంది. ఈసారి రాజేసింది అధ్యక్షుడు ట్రంప్. బంతి కదులుతుంటే ఆటగాళ్లు కదలకుండా నిలబడటమేమిటని, ఇది పిరికివాళ్ల ఫుట్‌బాల్ అని 2025 సెప్టెంబరులో సోషల్ మీడియాలో దుయ్యబట్టారు. ఆయన రాజకీయాలు గిట్టనివాళ్లలోనూ ఈ ఒక్క మాటకు తలూపినవాళ్లున్నారు. ‘ఆట మెత్తబడిపోయింది’ అన్న ఫిర్యాదు అక్కడి వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ అభిమానుల్లో పదిహేనేళ్లుగా నలుగుతున్నదే.

నిజానికి ఈ కిక్‌ఆఫ్ విషయంలో ఆ ఫిర్యాదు నిలవదు. పాత పద్ధతిలో 2023 సీజన్‌కు వచ్చేసరికి రిటర్న్ అయినవి, అంటే అవతలి జట్టు బంతి పట్టుకుని ఎదురు పరుగు తీసినవి దాదాపు 22 శాతమే. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ సూపర్‌బౌల్‌లో 13 కిక్‌ఆఫ్‌లు కొడితే పదమూడూ టచ్‌బ్యాక్‌లే, అంటే బంతి మైదానం చివరి ఎండ్‌జోన్‌లోకో దాని అవతలికో పోయి పరుగు లేకుండానే ముగిసినవే. ఒక్కసారి కూడా ఎవరూ బంతి పట్టుకుని పరుగెత్తలేదు. అందుకే ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే చిన్న లీగ్ వాడిన పద్ధతిని అరువు తెచ్చుకున్నారు. కిక్కర్ ఎప్పటిలాగే తన 35 యార్డుల దగ్గర ఉంటాడు. మిగతా పదిమంది మాత్రం అవతలి జట్టు 40 యార్డ్ లైన్ మీద నిలబడాలి. బంతి నేలనో రిటర్నర్‌నో తాకేదాకా కదలకూడదు. పరుగెత్తి వచ్చే దూరం తగ్గింది కాబట్టి ఢీకొనే వేగమూ తగ్గింది. 2025లో టచ్‌బ్యాక్ అయితే అవతలి జట్టుకు బంతిని 35 యార్డుల దగ్గర ఇస్తామన్నాక, తన్నే జట్టుకు అది నష్టం కాబట్టి, రిటర్న్‌లు ముందటి ఏడాదికి రెట్టింపు దాటాయి. ఆ సీజన్ రెండో వారంలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కుర్రాడు కేలెబ్ జాన్సన్ తనను దాటి ఎండ్‌జోన్‌లోకి దొర్లిన బంతిని పాత అలవాటున వదిలేశాడు. సియాటిల్ వాళ్లు దాని మీద పడి టచ్‌డౌన్ చేసుకున్నారు. చచ్చిపోయిన ఘట్టానికి ప్రాణం పోసిన రూల్ ఇది.

అయినా అభిమాని నమ్మడు. ‘భద్రత’ అన్న మాట లీగ్ నోట వినగానే చిరాకుపడతాడు. ఆ చిరాకు కిక్‌ఆఫ్‌తో పుట్టింది కాదు.   నేటి తగువుకు మూలం 2010 అక్టోబరులో నాలుగైదు రోజుల్లో ఉంది.

ఆ నెల 16, శనివారం. న్యూజెర్సీలో కాలేజీ మ్యాచ్. రట్గర్స్ ఆటగాడు ఎరిక్ లెగ్రాండ్ కిక్‌ఆఫ్ రిటర్న్‌ను ఆపబోయి మెడ విరిగి, ఒళ్లంతా చచ్చుబడి మైదానంలోనే ఉండిపోయాడు. మర్నాడు ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒకే పూట వరుసగా దెబ్బలు. ఫిలడెల్ఫియాలో అట్లాంటా డిఫెండర్ డంటా రాబిన్సన్ గుద్దిన గుద్దుకు డిషాన్ జాక్సన్‌తోపాటు గుద్దినవాడూ కంకషన్‌తో, అంటే మెదడు అదిరిన గాయంతో బయటికెళ్లాడు. న్యూ ఇంగ్లండ్ ఆటగాడు బ్రాండన్ మెరివెదర్ బాల్టిమోర్‌కు చెందిన టాడ్ హీప్ తలకు గురిపెట్టి ఎగిరాడు. పిట్స్‌బర్గ్‌లో జేమ్స్ హారిసన్ క్లీవ్‌లాండ్ ఆటగాళ్లిద్దరిని, జాష్ క్రిబ్స్‌ను, మొహమ్మద్ మసాకోయ్‌ను, తల అదిరేలా కొట్టి పంపించాడు.

మంగళవారం జరిమానాలు వచ్చాయి. హారిసన్‌కు 75 వేల డాలర్లు, మిగతా ఇద్దరికీ చెరో 50 వేలు. ఇకమీదట సస్పెన్షన్లే అని లీగ్ చెప్పింది. బుధవారం కమిషనర్ రోజర్ గూడెల్ అన్ని జట్లకూ హెచ్చరిక పంపారు, ఏది తప్పో ఏది ఒప్పో చూపించే వీడియోతో సహా.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ వారం ఏ రూలూ మారలేదు. రూల్‌బుక్‌లో ఒక్క వాక్యం కూడా కొత్తగా చేరలేదు. మసాకోయ్‌ను కొట్టినప్పుడు రిఫరీలు తప్పును సూచించే పసుపు జెండా కూడా విసరలేదు. అంటే ఆదివారం అరవై వేలమంది కళ్లముందు తప్పు కానిది మంగళవారం ఆఫీసులో తప్పయింది. హారిసన్ ఆట మానేస్తానన్నాడు. పిట్స్‌బర్గ్ అభిమానులు అతని పక్షాన నిలబడ్డారు, అందులో వింతేమీ లేదు. షికాగో లైన్‌బ్యాకర్ బ్రయన్ అర్లాకర్ అయితే అందరి నడుములకూ గుడ్డపీలికలు కట్టి దీన్ని నేషనల్ ఫ్లాగ్ ఫుట్‌బాల్ లీగ్ అనేద్దామన్నాడు. ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో మనిషిని పడేయరు, పీలిక లాగేస్తారు. ఇవాళ అభిమానులు విసిరే ప్రతి వెటకారానికీ తండ్రి ఆ మాటే.

మరొకటి కూడా ఆ వారమే బయటపడింది. హారిసన్ మసాకోయ్‌ను కొట్టిన దృశ్యం ఫోటోను లీగ్ తన సైట్‌లోనే అమ్మకానికి పెట్టింది. జనం నిలదీశాక తీసేసింది. అంతకు కొన్నేళ్ల ముందు వరకు ఈఎస్‌పీఎన్ సోమవారం రాత్రి మ్యాచ్‌కు ముందు కార్యక్రమంలో ఆ వారపు పెద్ద పెద్ద గుద్దులన్నీ ఏరి ‘జాక్డ్ అప్’ పేరుతో నవ్వుతూ, కేకలు పెడుతూ చూపించేది. అభిమానికి ఆ గుద్దుల రుచి మరిగించింది ఎవరు? లీగూ, దాని మ్యాచ్‌లు కొన్న టీవీ సంస్థలే. రుచి మరిగించినవాళ్లే ఓ మంగళవారం పొద్దున లేచి దాన్ని నేరమన్నారు, శిక్ష మాత్రం ఆటగాడికి వేశారు.

దానికి తోడు ఆ ఏడాదే జట్ల యజమానులు సీజన్‌ను 16 నుంచి 18 మ్యాచ్‌లకు పెంచాలని పట్టుబడుతున్నారు. ఆటగాళ్ల శరీరాల మీద అంత దయ ఉంటే మరో రెండు మ్యాచ్‌లు ఎందుకని లాకర్‌ రూముల్లో అడిగారు. లీగ్ దగ్గర సరైన జవాబు లేదు.

జవాబు చెప్పదలిస్తే చెప్పుకోడానికి నిజమైన కారణం లేకపోలేదు. అది హారిసన్ ఆడే ఊళ్లోనే ఉంది. స్టీలర్స్‌కు నాలుగు సూపర్‌బౌల్స్ గెలిపించిన సెంటర్ మైక్ వెబ్‌స్టర్ మతి చెదిరి, ఇల్లు లేక ట్రక్కులో పడుకుంటూ, 2002లో 50 ఏళ్లకే చనిపోయాడు. శవపరీక్ష చేసిన బెనెట్ ఒమాలు ఆ మెదడులో పదేపదే తగిలే తలదెబ్బల వల్ల మెదడు క్షీణించే సీటీఈ అనే జబ్బును గుర్తించి 2005లో వైద్య పత్రికలో ప్రచురించారు. లీగ్ నియమించిన డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని పత్రికకు ఉత్తరం రాశారు. విచిత్రమేమిటంటే లీగ్ పింఛను బోర్డు 1999లోనే వెబ్‌స్టర్ వైకల్యానికి తలదెబ్బలే కారణమని ఒప్పుకుని డబ్బు చెల్లించింది. ఓ గదిలో ఒప్పుకున్నదాన్ని ఇంకో గదిలో కాదన్నారు. 2009 అక్టోబరులో అమెరికా చట్టసభ కాంగ్రెస్ విచారణలో గూడెల్ సూటిగా బదులివ్వకపోతే, సభ్యురాలు లిండా శాంచెజ్ మీ ధోరణి సిగరెట్ కంపెనీల్లా ఉందని ముఖానే అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ జరిమానాలు.

వెబ్‌స్టర్ కథ ముందు చెప్పి, మేం ఇన్నాళ్లూ దాచాం అని ఒప్పుకుని, ఆ తర్వాత రూల్ బిగించి ఉంటే పిట్స్‌బర్గ్ జనం వినేవాళ్లని నా నమ్మకం. వెబ్‌స్టర్ వాళ్లవాడు. కానీ సీటీఈకి ఫుట్‌బాల్‌తో సంబంధం ఉందని లీగ్ ఉన్నతాధికారి కాంగ్రెస్ ప్రతినిధుల ముందు అన్నది 2016 మార్చిలో. ఈలోగా 2011లో డేవ్ డ్యూర్సన్ తన మెదడును పరీక్షకు ఇమ్మని రాసిపెట్టి గుండెలో కాల్చుకున్నాడు, 2012లో జూనియర్ సియావ్ కూడా గుండెలో కాల్చుకుని పోయాడు, నాలుగున్నర వేలమందికి పైగా మాజీ ఆటగాళ్లు దావా వేశారు. ఆ దావా పరిహారంతో ముగిసింది, తప్పు ఒప్పుకోవడంతో కాదు.

అందుకే తర్వాత వచ్చిన ప్రతి రూలునూ అభిమాని ఒకే కంటితో చూశాడు: వాళ్లు కాపాడుకుంటున్నది ఆటగాడిని కాదు, తమ పెట్టుబడిని. 2017లో గ్రీన్‌బే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపేవాడు) ఆరన్ రాడ్జర్స్ కాలర్‌బోన్ విరిగాక, 2018లో క్వార్టర్‌బ్యాక్ మీద శరీర బరువంతా వేసి పడకూడదన్న నియమాన్ని గట్టిగా అమలు చేశారు. దానికి బలయిందీ గ్రీన్‌బేనే. రెండో వారంలో సొంత మైదానం లాంబో ఫీల్డ్‌లో క్లే మాథ్యూస్ మీద పడిన జెండా, అవతలివాళ్లు విసిరిన బంతిని మధ్యలో అందుకుని గెలుపు ఖాయం చేయాల్సిన ఇంటర్‌సెప్షన్‌ను రద్దు చేసింది. మినెసోటాతో మ్యాచ్ 29-29తో టై అయింది. మరుసటి వారం మయామీ ఆటగాడు విలియం హేయిస్ క్వార్టర్‌బ్యాక్ మీద బరువు పడకుండా ఒళ్లు మెలితిప్పుకోబోయి తన మోకాలి లిగమెంటే తెంచుకున్నాడు. అతని సీజన్ ముగిసింది. ఒకరిని కాపాడే రూలుకు మరొకరు మూల్యం చెల్లించడం అంటే అదే. భద్రత లెక్క చెప్పేటప్పుడు లీగ్ హేయిస్ పేరెత్తగా నేను వినలేదు.

2022లో మళ్లీ అదే. మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా తలదెబ్బకు వేళ్లు బిగుసుకుపోయి పడి ఉన్న దృశ్యం దేశమంతా చూసిన పదిరోజులకే, అట్లాంటా ఆటగాడు గ్రేడీ జారెట్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని మామూలుగా పట్టి పడేస్తే జెండా విసిరారు. మర్నాటి రాత్రి కాన్సాస్ సిటీలో సొంత జట్టు ఆటగాడు క్రిస్ జోన్స్ క్వార్టర్‌బ్యాక్ దగ్గర్నుంచి బంతిని లాక్కుని చేతిలో పెట్టుకుని ఉన్నా అదే శిక్ష. ఆరోహెడ్ స్టేడియం మొత్తం ఊగిపోయింది. ఆ జనం టువా గాయానికి బాధపడనివాళ్లు కారు. అతన్ని నాలుగు రోజుల ముందు తూలి పడ్డాక కూడా తిరిగి ఆడించిన వ్యవస్థ, తన తప్పును డిఫెండర్ల చేత కడిగిస్తోందని వాళ్ల కోపం.

లీగ్ తన పక్షాన చెప్పుకునేది ఉంది. 2024 సీజన్‌లో నమోదైన కంకషన్లు 182. 2015లో ఈ లెక్కలు మొదలయ్యాక ఇదే తక్కువ. టీవీ ముందు జనం తగ్గలేదు కూడా. రూల్స్ పనిచేస్తున్నాయనడానికి అది నిదర్శనమే, కాదనలేం. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, డాలస్ కౌబాయ్స్ జట్టు కేంద్ర కార్యాలయం ఉన్న ఊళ్లో, పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగు కుటుంబాల్లో పిల్లాడు స్కూల్ జట్టులో చేరతానంటే తల్లిదండ్రులు చూసేది కూడా ఇలాంటి అంకెలనే.

కానీ పద్ధతి మారలేదు. 2024 మార్చిలో నిషేధించిన హిప్-డ్రాప్ టాకిల్ చూడండి. పరుగెత్తేవాడిని వెనుకనుంచి నడుం పట్టి, తన తుంటిని తిప్పి కిందికి వదిలేసి వాడి కాళ్ల మీద కూలబడటం అది. కబడ్డీలో రైడర్‌ను నడుం పట్టి కూలదోసేవాడు మొత్తం బరువును రైడర్ చీలమండల మీద వదిలితే ఎలా ఉంటుందో అలా. ముందటి సీజన్‌లో 230 సార్లు జరిగిందని లీగ్ చెప్పింది. వేగంగా జరిగే ఆటలో దాన్ని పసిగట్టడం రిఫరీల వల్ల కాదని, ఆటగాళ్లలో అయోమయం పెరుగుతుందని ఆటగాళ్ల సంఘం వ్యతిరేకించింది. యజమానులు వినలేదు. సంఘం చెప్పినట్టే అయింది. మ్యాచ్‌లో జెండా దాదాపు కనపడదు, వారం మధ్యలో ఆటగాడి చేతికి జరిమానా ఉత్తరం వస్తుంది. హారిసన్‌కు వచ్చినట్టే.

2021లో సీజన్ 17 మ్యాచ్‌లయింది. ఇప్పుడు 18 గురించి గూడెల్ బహిరంగంగానే మాట్లాడుతున్నారు. ఆటగాళ్లతో కార్మిక ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది కాబట్టి సంఘం ఒప్పుకోనిదే అది జరగదు. కిక్‌ఆఫ్‌లో ఢీకొనే వేగాన్ని తగ్గించామని చెప్పుకునే లీగ్, ప్రతి ఆటగాడి చేత ఏడాదికి మరో మ్యాచ్ ఎందుకు ఆడించాలో ముందు ఆ సంఘానికి చెప్పాల్సి ఉంటుంది.