పీటీటీ నొక్కినప్పుడే తెలిసే బ్యాటరీ బలం

చేతిలో పట్టే హామ్ రేడియో (ఔత్సాహికులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్) కొనేవాళ్లు ఫ్రీక్వెన్సీల గురించి, యాంటెన్నాల గురించి ఎంతో చదువుతారు. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి లేబుల్ మీద ఎన్ని మిల్లీ యాంపియర్-అవర్లు ఉన్నాయో చూసి ఊరుకుంటారు. ఆ అంకె నిజమే అయినా అందులో సగం సంగతే ఉంటుంది. రోజంతా చక్కగా వినిపించిన రేడియో, జవాబివ్వడానికి పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కి పట్టే మీట) నొక్కగానే తెర మసకబారి ఆగిపోతుంది. వేలు తీయగానే మళ్లీ లేచి కూర్చుంటుంది. బ్యాటరీ అయిపోలేదు, శక్తి ఇంకా లోపలే ఉంది. అడిగిన వేగంతో బయటికి రాలేకపోతోంది, అంతే. హ్యాండ్‌హెల్డ్‌కు బ్యాటరీ ఎంచుకోవడంలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఈ వేగాన్నే.

ఐదు వాట్ల హ్యాండ్‌హెల్డ్ కరెంటు వాడే తీరు గమనించండి. ఛానల్‌లో ఎవరూ మాట్లాడనప్పుడు, బ్యాటరీ సేవర్ పనిచేస్తుంటే, 60 మిల్లీ యాంపియర్లతో సరిపెట్టుకుంటుంది. స్పీకర్‌లో ఎవరి మాటైనా వినిపిస్తుంటే సుమారు 200 కావాలి. పీటీటీ నొక్కితే ఒక్కసారిగా 1500 దాకా లేస్తుంది. యాంటెన్నాకు 5 వాట్లు అందాలంటే బ్యాటరీ నుంచి పది, పదకొండు వాట్లు తీసుకోవాలి. మిగిలినది పవర్ యాంప్లిఫయర్‌లో వేడిగా పోతుంది. పైగా ఎఫ్ఎంలో క్యారియర్ (మాటను మోసుకెళ్లే రేడియో తరంగం) బలం మాటను బట్టి మారదు. పీటీటీ నొక్కి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నిలబడినా, గొంతెత్తి మాట్లాడినా బ్యాటరీకి ఖర్చు ఒకటే. డీఎంఆర్ లాంటి డిజిటల్ పద్ధతిలో ట్రాన్స్‌మిటర్ 60 మిల్లీ సెకన్లలో 30 మాత్రమే పనిచేస్తుంది కనుక అక్కడ కొంత ఆదా.

ప్రతి సెల్‌లోనూ ఎంతో కొంత అంతర్గత నిరోధం ఉంటుంది. కరెంటు ఎక్కువ లాగేకొద్దీ ఆ నిరోధం మీదే ఎక్కువ వోల్టేజి ఖర్చయిపోతుంది. కూజాలో నీళ్లెన్ని ఉన్నా మూతి సన్నగా ఉంటే ధార సన్నగానే వస్తుంది. లేబుల్ మీది అంకె కూజా ఎంత పెద్దదో చెబుతుంది, మూతి సంగతి చెప్పదు.

లెక్క వేసి చూద్దాం. ఆరు ఆల్కలైన్ డబుల్-ఏ సెల్స్ వరుసగా పెడితే 9 వోల్టులు. కొత్త సెల్‌కు అంతర్గత నిరోధం దాదాపు 0.2 ఓమ్ అనుకుంటే ఆరింటికీ కలిపి 1.2 ఓమ్‌లు. 1.5 యాంపియర్లు లాగగానే 1.8 వోల్టులు లోపలే పోయి, రేడియోకు 7.2 దక్కుతుంది. ఫరవాలేదు, పని జరుగుతుంది. కానీ ఆ సమయంలో 2.7 వాట్ల వేడి సెల్స్‌లోనే పుడుతోంది. అవే సెల్స్ సగం వాడేసరికి ఒక్కొక్కటి 1.25 వోల్టులకు దిగి, నిరోధం పెరిగి 0.3 ఓమ్‌కు చేరిందనుకోండి. ఇప్పుడు పీటీటీ నొక్కితే రేడియోకు మిగిలేది 4.8 వోల్టులు. ఆగిపోవడం ఖాయం. అదే చోట నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఉంటే? వోల్టేజి 7.2 నుంచే మొదలవుతుంది. చూడ్డానికి తక్కువే. కానీ ఒక్కో సెల్ నిరోధం 0.03 ఓమ్ ప్రాంతంలో ఉంటుంది కనుక పీటీటీ నొక్కినప్పుడు తగ్గేది పావు వోల్టు పైచిలుకు మాత్రమే. 1.2 వోల్టుల సెల్ 1.5 వోల్టుల సెల్‌ను దాటేసేది ఇక్కడే.

ఆల్కలైన్ సెల్స్ మీద నాకు చిన్నచూపు లేదు. ఎక్కడైనా దొరుకుతాయి, చార్జర్ అక్కర్లేదు, ఏళ్ల తరబడి అలమరలో ఉన్నా పెద్దగా తరగవు. అందుకే చాలా రేడియోలకు అసలు ప్యాక్ స్థానంలో తగిలించే డబుల్-ఏ కేసు విడిగా దొరుకుతుంది. కొన్ని రేడియోలు ఆ కేసు తగిలించగానే పవర్‌ను వాటంతటవే తగ్గించుకుంటాయి. దాన్ని లోపం అనుకోకూడదు, తయారీదారు తెలిసి చేసిన పనే. డబుల్-ఏ ఆల్కలైన్ నుంచి 25 మిల్లీ యాంపియర్ల చొప్పున మెల్లగా తీసుకుంటే 2500 మిల్లీ యాంపియర్-అవర్ల వరకు వస్తుంది. ఒక యాంపియర్ చొప్పున లాగితే అందులో సగం కూడా దక్కదు. వింటూ ఎప్పుడైనా ఒక వాటుతో నాలుగు మాటలు చెప్పడానికి ఆల్కలైన్ మంచి తోడు, గంటల తరబడి నెట్ (ఒకరి ఆధ్వర్యంలో చాలామంది ఒకే ఛానల్‌లో జరిపే సంభాషణ) నడపడానికి కాదు. వాడనప్పుడు సెల్స్ కేసులోంచి తీసేయాలి. లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ కారితే కాంటాక్టులు తుప్పు పట్టిపోతాయి. ఆల్కలైన్ సెల్స్ ఉన్న కేసును చార్జర్‌లో పెట్టడం ప్రమాదం.

ఇదే కేసులో పట్టే మరో సెల్ గురించి చాలామందికి తెలియదు. అది లిథియం ఐరన్ డైసల్ఫైడ్. ఆకారం డబుల్-ఏ, వోల్టేజి 1.5, రీచార్జి కాదు. బరువు 15 గ్రాములు, ఆల్కలైన్ అయితే 23 గ్రాములు. కెపాసిటీ 3000 మిల్లీ యాంపియర్-అవర్ల పైనే. ఎక్కువ కరెంటు లాగినా ఆ కెపాసిటీలో పెద్దగా కోత పడదు. లోపల నీళ్లు లేని ద్రావకం కనుక సున్నాకు 40 డిగ్రీల కిందా పనిచేస్తుంది. 20 ఏళ్లు దాచుకోవచ్చని తయారీదారులే హామీ ఇస్తారు. ధర ఎక్కువ, నిజమే. ఒక జాగ్రత్త కూడా ఉంది. సరికొత్త సెల్ కరెంటు ఇవ్వకుండా ఊరికే ఉన్నప్పుడు 1.8 వోల్టుల వరకు చూపిస్తుంది, ఆరు కలిస్తే 10.8. మీ రేడియో గరిష్ఠంగా ఎంత తట్టుకుంటుందో మాన్యువల్‌లో చూసి వాడాలి. తుపానుల కోసం, భూకంపాల కోసం సంచిలో సర్ది ఉంచుకునే రేడియోకు ఇంతకంటే నమ్మకమైన సెల్ లేదని నా అభిప్రాయం.

బ్యాటరీల చరిత్రలో ఒక్క అడుగు వెనక్కి వెళ్తే ఈ సౌఖ్యం విలువ తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు చేత్తో పట్టుకుని మాట్లాడిన ఎస్‌సీఆర్-536 రేడియోలో వాక్యూమ్ ట్యూబులుండేవి. ఫిలమెంట్లు వేడెక్కడానికి 1.5 వోల్టుల బ్యాటరీ ఒకటి, ప్లేట్ల కోసం 103.5 వోల్టుల బ్యాటరీ మరొకటి. రెండు కిలోలు దాటే ఆ పెట్టె గాలిలోకి పంపింది అర వాటు కూడా కాదు. ట్రాన్సిస్టర్లు వచ్చి ఆ రెండో బ్యాటరీని పోగొట్టాయి. ఆ తర్వాత హ్యాండ్‌హెల్డ్‌లను చాలాకాలం ఏలింది నికెల్ కాడ్మియం. 1899లో స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ కనిపెట్టిన ఈ సెల్‌కు అంతర్గత నిరోధం చాలా తక్కువ, చలికి బెదరదు, మొరటు వాడకాన్ని ఓర్చుకుంటుంది. కాడ్మియం విషం కావడమే దాని కొంప ముంచింది. దాని ‘మెమరీ’ గురించి చెప్పుకునేవాటిలో చాలావరకు, రోజుల తరబడి చార్జర్‌లోనే వదిలేయడం వల్ల వోల్టేజి కుంగిపోవడమే. ఒకటి రెండుసార్లు పూర్తిగా వాడి చార్జి చేస్తే చాలాసార్లు తేరుకుంటుంది.

నికెల్ మెటల్ హైడ్రైడ్ ఆ విషాన్ని వదిలించి కెపాసిటీ పెంచింది. కాకపోతే పాత రకం సెల్ అలమరలో ఉండగానే నెలకు 20 శాతానికి పైగా కారిపోయేది. అవసరానికి తీస్తే ఖాళీ. 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ పేరుతో తెచ్చిన తక్కువ స్వయం-విసర్జన సెల్స్ ఈ బెడదను తీర్చాయి. ఏడాది తర్వాత కూడా వాటిలో 70 శాతానికి పైగా చార్జి నిలుస్తుంది. డబుల్-ఏ కేసు ఉన్న రేడియోకు రోజువారీ వాడకంలో ఇవే సరైనవి. అయితే కేసు వీటిని ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్ చూడాలి. ఇంకో చిక్కు ఉంది. లిథియం ప్యాక్‌ను దృష్టిలో పెట్టుకుని గీసిన బ్యాటరీ గుర్తు ఈ సెల్స్‌ను సరిగా చదవదు. వీటి వోల్టేజి చివరిదాకా 1.2 దగ్గరే నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా జారిపోతుంది.

ఇవాళ్టి రేడియోతో పాటు పెట్టెలో వచ్చేది దాదాపు ఎప్పుడూ లిథియం అయాన్ ప్యాకే. 1991లో సోనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ దక్కింది. ఒక్కో సెల్ 3.7 వోల్టులు, రెండు వరుసగా కలిపితే 7.4. నిండుగా ఉంటే 8.4. తేలిక, నిరోధం తక్కువ, దాచిపెట్టినా చార్జి నెలకు రెండు మూడు శాతమే తరుగుతుంది.

అంకెల మోసం ఎక్కువగా జరిగేది కూడా ఇక్కడే. ఊరూపేరూ లేని ప్యాక్‌ల మీద 3800, 4800 అని ధీమాగా అచ్చేస్తారు. దీన్ని పట్టుకోవడానికి తూనిక చాలు. మంచి లిథియం అయాన్ సెల్ కిలో బరువుకు సుమారు 250 వాట్-అవర్లు ఇస్తుంది. 7.4 వోల్టులను 3.8 యాంపియర్-అవర్లతో గుణిస్తే 28 వాట్-అవర్లు వస్తాయి. అంటే ప్లాస్టిక్ కాకుండా సెల్స్ బరువే 110 గ్రాములు దాటాలి. మొత్తం ప్యాకే 90 గ్రాములు తూగితే లేబుల్‌ను నమ్మనక్కర్లేదు.

లిథియం అయాన్‌కు శత్రువులు రెండు. ఒకటి వేడి, రెండోది నిండా చార్జి చేసి నెలల తరబడి అలాగే వదిలేయడం. రెండూ కలిస్తే, అంటే నిండు ప్యాక్ ఎండలో ఆపిన కారులో పడి ఉంటే, అది శరవేగంగా ముసలిదవుతుంది. నెలల పాటు వాడకపోతే 40, 50 శాతం చార్జితో చల్లని చోట దాచాలి. ఎప్పుడు అవసరం వస్తుందో తెలియని రేడియోను సగం చార్జితో ఉంచడం కుదరదు కదా అంటారా? నిజమే. అందుకే అలాంటి సంచిలో లిథియం అయాన్ ప్యాక్‌తో పాటు, ఇందాక చెప్పిన ఐరన్ డైసల్ఫైడ్ సెల్స్‌నూ, వాటిని నింపుకోవడానికి ఖాళీ కేసునూ పక్కన పెట్టుకోమంటాను. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఈ ప్యాక్‌ను వాడొచ్చు గానీ చార్జి చేయకూడదు. ఆ చలిలో లిథియం ఎలక్ట్రోడ్‌లోకి ఇంకకుండా దాని మీద లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం శాశ్వతం, ప్రమాదకరం కూడా.

ఇక ఎంతసేపు వస్తుందన్న ప్రశ్న. తయారీదారులు సాధారణంగా 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినడం, 90 శాతం నిశ్శబ్దం అన్న లెక్కన చెబుతారు. మొదట్లో చెప్పిన 1500, 200, 60 అంకెలతో అది సగటున 139 మిల్లీ యాంపియర్లు. 1800 మిల్లీ యాంపియర్-అవర్ల ప్యాక్ 13 గంటలు వస్తుంది. విపత్తు వేళ నెట్ కంట్రోల్‌లో, అంటే నెట్‌ను నడిపే చోట, కూర్చున్నవాళ్లకు ఆ నిష్పత్తి వర్తించదు. పావు వంతు సమయం మాట్లాడి, సగం సమయం విని, మిగిలింది నిశ్శబ్దంగా గడిపితే సగటు 490కి చేరుతుంది. అదే ప్యాక్ నాలుగు గంటలు కూడా నిలవదు. ఇప్పుడు పవర్ ఒక వాటుకు తగ్గించండి. కరెంటు ఐదో వంతుకు పడదు, సుమారు 700 దగ్గర ఆగుతుంది. అయినా ప్యాక్ ఆరు గంటలు దాటుతుంది. అవతలివాళ్లకు తగ్గే సిగ్నల్ 7 డెసిబెల్స్, ఎస్-మీటరు (సిగ్నల్ బలం చూపే సూచిక) మీద ఒక గీత కంటే కొంచెం ఎక్కువ. రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) కనుచూపు మేరలో ఉంటే ఆ తేడా ఎవరి చెవికీ తెలియదు. పెట్టెలో వచ్చిన పొట్టి రబ్బరు యాంటెన్నా తీసి రెండు మీటర్ల బ్యాండ్‌కు సరిపడే అర మీటరు పొడవు విప్ (సన్నని కడ్డీ లాంటి యాంటెన్నా) పెడితే, తగ్గించిన పవర్‌లో చాలావరకు తిరిగొస్తుంది. దాని కోసం బ్యాటరీ నుంచి ఒక్క మిల్లీ యాంపియర్ కూడా అదనంగా అక్కర్లేదు. రెండో ప్యాక్ కొనేముందు యాంటెన్నా మార్చమని నేను చెప్పేది అందుకే.

ఒకేచోట కూర్చుని మాట్లాడేటప్పుడు బయటి బ్యాటరీ హాయి. 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కెపాసిటీ 6 యాంపియర్-అవర్లయితే అందులో 77 వాట్-అవర్లు ఉంటాయి, బరువు కిలో లోపే. అదే శక్తి ఉన్న సీల్డ్ లెడ్-యాసిడ్ బ్యాటరీ రెండు కిలోలు దాటుతుంది, సగానికి మించి వాడితే త్వరగా చెడుతుంది. ఫాస్ఫేట్ సెల్ రెండు వేల సార్లు చార్జి చేసినా నిలబడుతుంది, వేడికి అంత సులువుగా అదుపు తప్పదు. రేడియోకు డీసీ జాక్ ఉంటే మాన్యువల్ ఒప్పుకున్న వోల్టేజి చూసుకుని నేరుగా కలపొచ్చు. లేకపోతే ప్యాక్ ఆకారంలో ఉండి, బయటి కరెంటును రేడియోకు అందించే బ్యాటరీ ఎలిమినేటర్ వాడాలి. అందులో లీనియర్ రెగ్యులేటర్ ఉంటే, 13.8 వోల్టులను 8కి దించేటప్పుడు పీటీటీ నొక్కినంతసేపూ దాదాపు 9 వాట్ల వేడిని దిగమింగుకోవాలి. స్విచ్చింగ్ కన్వర్టర్ అయితే వేడి తక్కువ, కానీ నాసిరకం కన్వర్టర్ రిసీవర్‌లో రొద పుట్టిస్తుంది. యూఎస్‌బీ-సీ ప్యాక్‌ను చార్జి చేస్తూ వినేటప్పుడు బలహీనమైన స్టేషన్లు మాయమైతే, ముందు ఆ తీగ పీకి చూడండి.

ప్యాక్ కొన్న నెల, సంవత్సరం దాని మీదే రాసుకోండి. ఏడాదికోసారి నిండా చార్జి చేసి, యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను గాలిలోకి పంపకుండా వేడిగా మార్చేసే పరికరం) తగిలించి, పూర్తి పవర్‌లో అర నిమిషం పీటీటీ నొక్కి వోల్టేజి చూడండి. చాలా రేడియోలు తెర మీదే చూపిస్తాయి. బాగున్న ప్యాక్‌లో తగ్గుదల అర వోల్టు లోపే ఉంటుంది. ఒక వోల్టు దాటితే దాన్ని బల్ల మీద వినడానికి వాడుకోండి, బయటికి తీసుకెళ్లొద్దు. ఉబ్బిన ప్యాక్ మాత్రం దేనికీ పనికిరాదు. దాన్ని గుచ్చకుండా, నొక్కకుండా, కాంటాక్టులకు టేపు వేసి పాత బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించండి.